వెండి షీటు కొట్టిన గది

మా ఇంటి వెనక గదిలోకి ఇంటర్నెట్ సిగ్నల్ వచ్చేది కాదు. ముందు గదిలో రౌటర్ డబ్బా మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతూ ఉండేవి. గోడకు అవతల, పది అడుగుల దూరంలో, నా భార్య చేతిలోని ఫోన్‌లో గుండ్రటి గీత తిరుగుతూనే ఉండేది. వినడానికి ఇది చాలా చిన్న సంగతి. ఈ బాధ లేని ఇల్లు ఏదైనా ఉందా? కానీ మా ఇంట్లో ఆ ఫోన్ మీద ఒక మనిషి ఊపిరి ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఏం చేశానో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నాది ఫ్యాక్టరీల్లో ఇన్సులేషన్ పని. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి పైపులకు ఉన్ని చుట్టి రేకు తొడగడం, చల్లగా ఉంచాల్సిన గదుల గోడలకు వెండిలా మెరిసే షీటు అతికించడం. పటాన్‌చెరు నుంచి బొంతపల్లి దాకా నేను పని చేయని ఫ్యాక్టరీలు తక్కువ. పర్మినెంట్ ఉద్యోగం ఎక్కడా లేదు, అన్నిచోట్లా కాంట్రాక్టే. అయినా పని విషయంలో నాకు పొగరు ఎక్కువ. లోపల ఆవిరి మరుగుతున్నా నేను చుట్టిన పైపు మీద చెయ్యి ఆనించి నిలబడవచ్చు. నా అతుకులో సూది కూడా దూరదని సూపర్‌వైజర్లే చెప్పుకునేవాళ్లు. నేనూ చెప్పుకునేవాణ్ణి.

గుమ్మడిదలకూ బొంతపల్లికీ మధ్య, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా వాడ. పొద్దు గూకగానే వాసన మొదలవుతుంది. ఒక రోజు కుళ్లిన గుడ్డు వాసన, ఒక రోజు కాలిన ప్లాస్టిక్ వాసన, ఇంకో రోజు తియ్యగా, కడుపులో తిప్పేలాగా. ఏ ఫ్యాక్టరీ వదులుతోందో ఎవరూ తేల్చలేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అధికారులు పగలు పన్నెండింటికి వచ్చి, కారు దిగి ముక్కు ఎగబీల్చి, ఏమీ లేదే అని వెళ్లిపోతారు. అందుకని ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకుంటారు. రేకుల సందుల్లో గోనె సంచులు కుక్కేవాళ్లు కొందరు, కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు కొట్టేవాళ్లు కొందరు. ఫ్యాక్టరీలో పని అయిపోయాక మిగిలిన వెండి షీటు ముక్కలు తెచ్చి అతికించే పద్ధతి మా వాడకు నేర్పింది మాత్రం నేనే. గేటు పాసు రాయించుకుని చుట్టలు చుట్టలుగా తెచ్చి మా గల్లీలో ఏడు ఇళ్లకు కొట్టాను. నా పేరు మరిచిపోయి అందరూ నన్ను షీటన్న అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు బాగుండేది.

నా భార్య కూడా ఫ్యాక్టరీ మనిషే. మందుల ఫ్యాక్టరీలో పౌడర్ సెక్షన్. పొడిని జల్లెడ పట్టి డ్రమ్ముల్లోకి నింపడం ఆమె పని. ముఖానికి చున్నీ కట్టుకుని తొమ్మిదేళ్లు చేసింది. సాయంత్రం ఇంటికి వచ్చి తల దువ్వుకుంటే దువ్వెన తెల్లగా అయ్యేది. ముందు పొడి దగ్గు వచ్చింది. తర్వాత నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని చెప్పారు. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదట. మిగిలిన భాగాన్నైనా కాపాడుకోవాలంటే రెండు పనులు చెయ్యాలన్నాడు డాక్టర్. ఒకటి, ఆ వాసన ఆమెకు తగలకూడదు. రెండు, ఆసుపత్రి వాళ్లు ఫోన్‌లో నేర్పే ఊపిరి కసరత్తు రోజూ తప్పకుండా చెయ్యాలి. మూడు నెలలు అలా చేస్తే మనిషి నిలబడుతుంది, లేకపోతే చెప్పలేను అన్నాడు.

మొదటి పని నా చేతిలోనిదే. నాలుగు ఆదివారాలు కూర్చుని వెనక గదికి షీటు కొట్టాను. మాది సిమెంటు రేకుల ఇల్లు. గోడ పైఅంచుకూ రేకుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. రెండు గదుల మధ్య గోడ కూడా రేకు దాకా పోదు, పైన జానెడు ఖాళీ ఉంటుంది. వాటన్నిటినీ మూసి, రేకు కింద మొత్తం షీటు పరిచి, నాలుగు గోడల మీదికీ నేల దాకా దించాను. తలుపుకు కూడా కొట్టి, చుట్టూ రబ్బరు పట్టీ వేశాను. పని ముగిసిన సాయంత్రం తలుపు మూసి లోపల నిలబడ్డాను. బయట గల్లీలో పిల్లలు ముక్కులు మూసుకుని పరిగెడుతున్నారు. లోపల ఏ వాసనా లేదు. నా భార్య మంచం మీద కూర్చుని చుట్టూ మెరుస్తున్న గోడల్ని చూసింది.

"టిఫిన్ డబ్బల పెట్టి మూత పెట్టినట్టున్నది," అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. మధ్యాహ్నం వాసన లేని వేళ తలుపు తీసి గాలి ఆడనిచ్చి, పొద్దు గూకే ముందు మూసేసేవాళ్లం.

రెండో పని దగ్గర చిక్కు వచ్చింది. కసరత్తు క్లాసు సాయంత్రం ఆరున్నరకు. పగలు ఆసుపత్రికి వచ్చే రోగులతోనే సరిపోతుంది కాబట్టి ఊళ్ల వాళ్లకు ఆ ఒక్క టైమే అన్నారు. సరిగ్గా మా వాసన మొదలయ్యే వేళ. అంటే క్లాసు ఆ గదిలో, తలుపు మూసుకునే చెయ్యాలి. అందుకోసమే కొత్తగా ఇంటర్నెట్ పెట్టించాను. మొదటి రోజు ఫోన్‌లో ఆసుపత్రి అమ్మాయి కనబడింది. నిండా పీల్చండి, ఇప్పుడు ఆపండి, అంది. అప్పుడే నేను తలుపు మూశాను, బొమ్మ ఆగిపోయింది. ఆ అమ్మాయి చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయింది. నా భార్య కూడా ఊపిరి ఆపి అలాగే ఉండిపోయింది. వదలండి అనే మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉంది. ముఖం నల్లబడుతుంటే నేనే భుజం తట్టి, "ఇడువు, ఇడువు, ఫోను ఆగింది," అని అరిచాను.

ఇక నా ప్రయత్నాలు మొదలయ్యాయి. డబ్బాను కిటికీలో పెట్టాను. టీవీ మీద పెట్టాను. మేకు కొట్టి గోడకు వేలాడదీశాను. వెనక స్టీలు పళ్లెం నిలబెడితే సిగ్నల్ ముందుకు పోతుందని ఎవరో అంటే, అన్నం తినే పళ్లెం తెచ్చి నిలబెట్టాను. యాంటెన్నాలు రెండూ గొర్రె చెవుల్లా అటొకటి ఇటొకటి వంచాను. ఫ్రిజ్ ఆపేసి చూశాను. సిగ్నల్ పెంచుతుందని షాపువాడు ఇచ్చిన ఇంకో చిన్న డబ్బా కొని హాల్లో ప్లగ్గుకు గుచ్చాను. దాని లైటు కూడా పచ్చగా వెలిగింది, వెనక గదిలో మాత్రం ఏ మార్పూ లేదు. తలుపు తీస్తే నాలుగు గీతలు. మూస్తే సున్నా. ఫోన్ సిమ్ సిగ్నల్ కూడా అంతే.

ఇప్పుడు ఇది చదివే మీకు సంగతి అర్థమయ్యే ఉంటుంది. తలుపు మూస్తే పోతోందంటే అడ్డుపడేది ఏదో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. తెలియలేదా, తెలుసుకోవడం ఇష్టం లేదా అని అడిగితే, రెండోదే నిజం.

కనెక్షన్ ఇచ్చిన కుర్రవాడిని కిష్టారెడ్డిపేట నుంచి మళ్లీ పిలిపించాను. అక్కడ అపార్ట్‌మెంట్లకు కూడా అతనే కనెక్షన్లు ఇస్తాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, పని తెలిసినవాడు. వెనక గదిలోకి వచ్చి ఒక్కసారి చుట్టూ చూసి ఫక్కున నవ్వాడు.

"రూమంత వెండి షీటు కొట్టినవ్ గదన్నా. అది సిగ్నల్‌ను లోపటికి రానియ్యది. ఎన్ని డబ్బలు కొన్నా అంతే. గోడకు ఏలంత బొక్క కొడ్త, వైరు గుంజి లోపట ఇంకో డబ్బ పెడ్త. పది నిమిషాల పని."

ఆ నవ్వు నాకు ఒంట్లో మంట పుట్టించింది. మంచం మీద నా భార్య ఉంది. గుమ్మంలో పక్కింటివాళ్లు ఉన్నారు, వాళ్లింటికీ షీటు కొట్టింది నేనే.

"బొక్కనా? నాలుగు ఐతారాలు కూసొని గాలి సొరకుండ చేసిన షీటుకు బొక్క కొడ్తవా?" అన్నాను. "నీ కనెక్షన్ల దమ్ము లేదు గని నా షీటు మీదికి నూకుతున్నవా? ఇంకో డబ్బ అమ్ముకుంటానికి వచ్చినవ్. నడువ్ బయటికి."

అతను పనిముట్లు సర్దుకున్నాడు. సంచి తీసుకుని, వెళ్తూ వెళ్తూ నా భార్య వైపు చూసి, "పైలం అక్కా, జాగర్త," అని మాత్రం అన్నాడు.

వేడిని వెనక్కి కొట్టే షీటు సిగ్నల్‌ను కూడా వెనక్కి కొడుతుందని, ఇరవై ఏళ్లు ఆ షీటుతోనే బతికిన నాకు ఒకరు చెప్పాలా? బొక్క కొట్టాక వైరు చుట్టూ పూడ్చడం నాకు రాని పనా? రోజూ ఫ్యాక్టరీలో చేసేది అదే కదా. కానీ ఆ పూట నాకు గదిలో పడుకున్న మనిషి కనబడలేదు. నా పనికి వంక పెట్టినవాడే కనబడ్డాడు.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ ఆమె మెల్లగా అడిగింది.

"గా పిలగాడు చెప్పింది జెర ఇనరాదు? బొక్క కొట్టినంక మల్ల నువ్వే మూసెయ్యొచ్చు గద."

 పక్కనున్న టేపు చుట్ట తీసి గోడకేసి కొట్టాను. అది తగిలి చెంబు దొర్లి, నీళ్లు ఆమె పళ్లెంలోకి పడ్డాయి. ఆమె పళ్లెం వంచి నీళ్లు పారబోసి, మిగిలిన అన్నం తినేసింది. ఆ తర్వాత ఎప్పుడూ బొక్క మాట ఎత్తలేదు. మా పెళ్లయిన నాటి నుంచీ ఇంతే. నా కోపం ఎక్కడిదాకా పోతుందో చూసుకుని, దానికి ఒక అడుగు ఇవతలే ఆమె ఆగిపోయేది. పిల్లలు లేని ఇల్లు, ఉన్నది ఇద్దరమే. అయినా ఆ ఇంట్లో గొంతు ఒకటే వినబడేది.

అప్పటికి క్లాసు మొదలై పదిహేను రోజులు. అందులో ఒక్క రోజు కూడా ఆమె క్లాసు పూర్తిగా చేయలేకపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఇత్తడి బిందె బోర్లించి, దాని మీద రౌటర్ పెట్టి, మొత్తాన్ని హాల్లో మధ్యగోడకు ఆనుకుని ఉన్న బీరువా మీదికి ఎక్కించాను. ఎందుకు ఆ ఆలోచన వచ్చిందో తెలియదు. సోమవారం ఆరున్నరకు హాల్లో నిలబడి చెవి ఒగ్గి విన్నాను. ఆసుపత్రి అమ్మాయి గొంతు గోడ అవతల నుంచి తెగకుండా వినబడుతోంది. పీల్చండి. ఆపండి. వదలండి. అరగంట పాటు ఒక్కసారి కూడా ఆగలేదు. క్లాసు అయ్యాక తలుపు కొంచెం తీసి, "వచ్చిందా?" అని అడిగాను.

"మస్తు మంచిగ వచ్చింది," అంది.

నా సంతోషం చెప్పనక్కర్లేదు. టీ కొట్టు దగ్గర కనబడ్డవాడికల్లా చెప్పాను. ఇత్తడి బిందె మహిమ చూడటానికి గల్లీలో నలుగురు వచ్చారు. ఇద్దరు వాళ్లిళ్లలో కూడా బిందెలు బోర్లించారు. వాళ్లకు ఏం తేడా కనబడలేదంటే, మీది స్టీలు బిందె కదా అన్నాను. ఆ కనెక్షన్ కుర్రవాడు రోడ్డు మీద కనబడితే బండి ఆపి మరీ చెప్పాను, "బొక్క లేకుండనే తెప్పించిన, సూసుకో," అని. అతను నా ముఖం వైపు వింతగా చూసి, మంచిదన్నా అని వెళ్లిపోయాడు. రోజూ క్లాసు వేళకు నేను బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. నా ఒళ్లు అడ్డం వస్తే సిగ్నల్ తగ్గుతుందేమోనని భయం. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, లోపలి నుంచి వచ్చే పీల్చండి, ఆపండి వింటూ ఉంటే, నేను సాధించాను అనిపించేది.

నెల తిరిగేసరికి ఆమె బాగుపడాలి. బాగుపడలేదు. వేలికి పెట్టుకునే చిన్న మిషన్‌లో ఆక్సిజన్ అంకె రోజురోజుకీ కిందికి దిగుతోంది. క్లాసు అయ్యాక అరగంట దగ్గేది. కసరత్తు కదా, లోపలున్నది కదులుతోంది, దగ్గు వస్తే మంచిదే అన్నాను నేను. డాక్టర్‌కు ఫోన్ చేస్తే మందులు మార్చాడు. క్లాసు మానొద్దు, ఇంకా నిండా పీల్చమనండి అన్నాడు. ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. ఆ అమ్మాయి ఎంత చెబితే అంత నిండా పీల్చేది.

రెండో నెల చివర, ఒక రోజు పొద్దున్నే ఆమె నోట మాట రాలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్‌లో పట్నం తీసుకుపోయాం. అన్ని పరీక్షలూ చేశాక డాక్టర్ నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇంట్లో పొగ గానీ, ఘాటు వాసన గానీ తగులుతోందా?" అని అడిగాడు.

"లేదు సార్. మా రూములకు గాలి గూడ పోదు. నేనే కొట్టిన షీటు," అన్నాను. అంత బాధలో కూడా ఆ మాట గర్వంగానే అన్నాను.

ఆయన కాసేపు కాగితాలు చూశాడు. పనిచేసే భాగం ఇక చాలా తక్కువ మిగిలిందన్నాడు. ఇంటికి తీసుకెళ్తామన్న ఆశ పెట్టుకోవద్దన్నాడు. రోజులే గానీ నెలలు కావు అన్నాడు. నాకు వినబడింది కానీ బుర్రలోకి పోలేదు. మార్చుకోవడానికి చీరలు కావాలని నర్సు చెబితే, సరే అని ఇంటికి బయల్దేరాను.

వెనక గదిలో మంచం పక్కనే, మధ్యగోడకు దగ్గరగా, పైన రేకు అంత ఎత్తున, ఆమె బట్టలు వేసుకునే దండెం. ఎప్పుడూ చీరలు ఒత్తుగా వేలాడుతూ ఉంటాయి. రెండు చీరలు లాగాను. వాటి వెనక, గోడ పైన, షీటులో ఒక తలుపు కనబడింది.

తలుపు అంటే తలుపే. రేకుకూ గోడకూ మధ్య జానెడు ఖాళీని నేను మూసిన చోట, మూరెడు పొడవున మూడు వైపులా కోసి ఉంది. కోసిన అంచులు చిరగకుండా టేపు మడిచి, చీరకు అంచు కుట్టినంత నీటుగా అతికించి ఉంది. కింద మధ్యలో ఒక దారం ఉంగరం. పక్కన మూలకు బట్టలు ఆరేసే కర్ర. ఆ కర్రతో ఉంగరం పట్టి ఎత్తితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఎత్తి చూశాను. సందులోంచి, నేను షీటు కొట్టని ముందు హాల్లో బీరువా మీది ఇత్తడి బిందె, దాని మీద పచ్చ లైట్లు కనబడ్డాయి.

ముందు నాకు కోపమే వచ్చింది. నా షీటును ఎవరు కోశారు అని. నిజం చెబుతున్నాను, మొదట వచ్చింది అదే. ఆ తర్వాత మంచం అంచు మీద కూలబడిపోయాను. నాలుగు అడుగులకే ఆయాసపడే మనిషి, మంచం మీదికెక్కి, చేతులు పైకెత్తి, కత్తెరతో మూరెడు కోసిందంటే ఎంతసేపు పట్టి ఉంటుంది? నేను డ్యూటీకి పోయిన వేళ, ఎన్నిసార్లు ఆగి, ఎన్నిసార్లు కూర్చుని? రోజూ సరిగ్గా వాసన దిగే వేళకు దాన్ని తెరిచి, దాని కిందే కూర్చుని, నిండా పీల్చమంటే నిండా పీల్చింది. బయట అరుగు మీద నేను రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ గదిలో ఒక్కణ్ణే ఉండి గట్టిగా ఏడ్చాను. గాలి కూడా బయటికి పోని గది కదా, ఎవరికీ వినబడలేదు.

చీరలు తీసుకుని ఆసుపత్రికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆమె మెలకువగానే ఉంది. ముక్కుకూ నోటికీ మాస్కు. నేను చీరల సంచి స్టూలు మీద పెట్టడం చూసింది. దండెం మీద చీరలని ఆమెకు అర్థమైంది. నా ముఖం వైపు చూసి, మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"సూసినవా?" అంది.

"సూసిన. నాకెందుకు చెప్పలే?"

ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "ఆ దినం... చెప్దామనే అనుకున్న. నువ్వు తలుపు తీసి... వచ్చిందా అని అడిగినవ్. నీ మొకం... గంత సంబురంగ ఎన్నడు సూడలే. ఊరంత చెప్పుకున్నవ్. ఇగ ఎట్ల చెప్పాలె?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"మంచి షీటు... కరాబు చేసిన," అంది. "కోపం చెయ్యకు."

"చెయ్య," అన్నాను. "షీటుదేముంది, పోనియ్యి."

ఆ మాట విని ఆమె నా వైపు తిరిగింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. నా చేతి పనికి చిన్న గీత పడ్డా ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన మనిషిని నేను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అక్కడ కోపం కోసం వెతికింది. దొరకలేదు. ఆమె కళ్లలోకి మెల్లగా భయం రావడం నేను చూశాను.

"డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది.